మా అవ్వ కల్చర్ రిపోర్టు

నాకు భయమైతే నవ్వొస్తది. చిన్నప్పటి సంది గదే అలవాటు. బడిల సారు బెత్తం తీసినా నవ్వే, కుక్క ఎంటవడ్డా నవ్వే. ఎంబీబీఎస్ రెండో ఏడుల మైక్రోబయాలజీ మొదలైనంక ఆ నవ్వు ముదిరి రోగమైంది.

ఆ పుస్తకంల పేర్లే అట్లాంటియి. స్టెఫైలోకాకస్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్. నోరు తిరుగదు. ఏది ఏ రంగుల కనవడ్తది, ఏది ఏ వాసనొస్తది, ఏది ఏ మందుకు సస్తది, సావకపోతే ఎందుకు సావది, గివన్నీ యాదికి పెట్టుకోవాలె. నేను పదో తరగతి దాక తెలుగు మీడియంల చదివిన పిల్లను. మర్రిగూడ దిక్కు మా ఊరు. బాపు గొర్లు కాస్తడు. కొంచెం పత్తి చేను ఉంది, వాన పడితే పండుతది, లేకుంటే లేదు. రాష్ట్రం వచ్చినంక నల్లగొండకు మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి ఇంటి నుంచి రెండు గంటల బస్సు దూరంల నాకు సీటు దొరికింది.

ఇంటర్నల్ వైవాల మా మేడం నన్ను ఒక్కటే ప్రశ్న అడిగింది. "సూడోమోనాస్ పెరిగిన ప్లేటు ఏం వాసనొస్తది?"

నాకు జవాబు తెలుసు. ద్రాక్షపండ్ల వాసన. కని మేడం కండ్లద్దాల పైనుంచి చూసే సరికి భయమైంది, వెంటనే నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కున్న. ముక్కుల నుంచి వచ్చింది. మేడం పెన్ను పక్కకు పెట్టింది.

"బయటికి పోయి నవ్వుకొని రా తల్లీ" అన్నది.

బయటికి పోయిన, గోడకు మొఖం పెట్టి కడుపు నొచ్చెదాక నవ్విన. తిరిగొచ్చే సరికి నా నంబరు దాటిపోయింది. సాయంత్రం మార్కుల కాగితం అంటించిండ్రు. కింది నుంచి చూస్తే ముందుగాల నేనే ఉన్న.

ఫైనల్ పరీక్షలకు సెలవులిచ్చిన రోజే హాస్టల్ల నీళ్ళ మోటరు కాలిపోయింది. నా రూమ్మేట్‌ది షాద్‌నగర్. వాళ్ళ నాయిన ఫ్యాక్టరీల షిఫ్టు పని చేస్తడు. క్లాసుల అందరికన్న బాగ చదివేది ఆమెనే. "మీ ఇంటికి పోదాం పా. ఆడ నిన్ను కూసోబెట్టి చదివిస్త" అన్నది. పుట్టినప్పటి సంది ఆమె గొర్రెను దగ్గర నుంచి చూడలేదని మా ఊరికి పోయినంక తెలిసింది. దొడ్డి కాడ పొట్టేలు తల తిప్పి చూస్తే చాలు, లావు పుస్తకం ముంగట పెట్టుకొని నా ఎనక దాక్కునేది.

ఇంట్ల కూసొని చదువుదామంటే వచ్చినోళ్ళు పోయినోళ్ళు, టీవీ. అందుకని పొద్దుగాల బువ్వ తిని బాపు ఎంట మంద ఎనక పోయేటోళ్ళం. గొర్లు బోడ గుట్ట మీద మేస్తుంటే మేమిద్దరం రాతి మీద కూసొని గట్టిగ అప్పజెప్పుకునేటోళ్ళం. ఆమె అడిగేది, నేను చెప్పేది. తప్పు చెప్తే చెరువు గట్టు దాక ఉరికి రావాలె, గదీ శిక్ష. మొదటి రోజు నేను ఏడుసార్లు ఉరికిన. నాతో పాటు రెండు గొర్రెపిల్లలు కూడ ఉరికినయ్, అవి ఎందుకు ఉరికినయో వాటికే తెల్వాలె.

బాపు దూరం నుంచి చూసి చూసి మూడో రోజు అడిగిండు. "ఏంది బిడ్డా, ఆ గ్రాము గ్రాము అని ఒకటే గొణుగుడు? బంగారం తూస్తుండ్రా?"

"కాదు బాపూ. అది రంగులేసే పని పేరు. కంటికి కనవడని పురుగులకు ముందుగాల ఊదారంగు వేస్తం. తర్వాత స్పిరిట్ పోసి కడుగుతం. కొన్ని ఆ రంగు ఇడువయ్, ఊదగనే ఉంటయ్. కొన్ని ఇడిసిపెడ్తయ్. ఇడిసినయి మళ్ళ కనవడాలె గదా, అందుకు వాటికి ఎర్ర రంగు వేస్తం, గులాబి రంగుల కనవడ్తయ్."

బాపు గొంగడి సదురుకున్నడు. "అంటే తోలు ఫరక్ ఉంటది. ఒకదాని తోలు మందం, ఒకదాని తోలు పల్చన. అంతేనా?"

షాద్‌నగర్ పిల్ల పుస్తకం మూసింది. "అంకుల్, గంతే! సెల్ వాల్ మందం ఉన్నయే రంగు ఇడువయ్!"

"మా గొర్లకు గుర్తు కోసం రంగేస్తం గద. ఉన్ని దట్టంగ ఉన్నదానికి రెండు వానలు పడ్డా పోదు. కత్తిరించినదానికి ఒక్క వానకే పోతది" అన్నడు బాపు, అదేమన్న పెద్ద ముచ్చటా అన్నట్టు, ఎనక బడ్డ మేకను అదిలించుకుంట పోయిండు. నేను ఏడాదంత అర్థం కాక బట్టీ పట్టిన పాఠం అది. షాద్‌నగర్ పిల్ల, నేను ఒకల మొఖం ఒకలం చూసుకున్నం. ఇగ నవ్వే నవ్వు. ఆ రోజు తప్పులు చెప్పినా చెరువు గట్టుకు ఉరుకలేదు. నవ్వి నవ్వి కాళ్ళల్ల బలం లేకుండె.

మా ఇంట్ల ఇంకో మనిషి ఉంది. మా అవ్వ, బాపును కన్నతల్లి. పాత బోరు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన కాలం మనిషి కాబట్టి పండ్లు గోధుమ రంగు, మోకాళ్ళు వంగయ్. కృష్ణ నీళ్ళు నల్లాల వస్తున్నా ఇప్పటికీ చెంబెడు నీళ్ళు పొద్దంత తాగుతది. మాట మాత్రం సురుకు. ఆ వారం అవ్వ మాటిమాటికి ఎనుక దొడ్లెకు పోయొస్తున్నది. వచ్చినప్పుడల్ల పెదవి బిగబట్టి నులక మంచం మీద కూసునేది.

"అవ్వా, ఒంటికి పోయినప్పుడు మంట పుడ్తుందా?" అని అడిగిన.

"నీకేం ఎరుక?"

"నేను డాక్టర్ చదువుతున్న గదనే."

"పాసైనంక చెప్పు" అన్నది.

అంతల నా ఎనకున్న షాద్‌నగర్ పిల్ల మెల్లగ మంచం మీద కూసొని అవ్వ చెయ్యి పట్టుకుంది. బయటి పిల్ల అడిగితే అవ్వ కరిగిపోయింది. మూడు నెలల సంది మంట అట. వస్తది, పోతది, మళ్ళ వస్తదట. "నా దగ్గర గోళీలున్నయ్ బిడ్డా. మంట లేసినప్పుడు రెండు ఏస్కుంట. తగ్గుతది" అన్నది, మంచం కింది నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి గుంజింది.

ఆ డబ్బా మూత తీసినప్పుడు మాకు వచ్చిన సంబరం ఇప్పటికీ యాదికొస్తే సిగ్గయితది. నిండ గోళీలే. సగం సగం కత్తిరించిన పట్టీలు. అవ్వ ఏ జ్వరానికి పోయినా, ఊర్ల ఆర్ఎంపీ ఇచ్చిన గోళీల్ల రెండు మింగి మిగిలినయి దాసిపెట్టింది. బాపుయి, మా అమ్మయి, పక్కింటోళ్ళు పారేస్తామన్నయి కూడ. అవ్వ చదువుకోలేదు, రంగును బట్టి గుర్తు. తెల్లది పంటికి, సగం ఎర్ర సగం నల్ల గొట్టం గోళీ దగ్గుకు, పచ్చది మంటకు.

పరీక్ష పిచ్చిల ఉన్నం మేము. ఒక్కొక్క పట్టీ ఎత్తి చదువుడు, కేక పెట్టుడు.

"ఏయ్, సెఫిక్సిం! మూడో తరం!"

"సిప్రోఫ్లాక్సాసిన్ ఇదిగో! ఇది దేన్ని ఆపుతది చెప్పు?"

"డీఎన్ఏ గైరేజ్! ఇగ ఇది అజిత్రో! అవ్వా, నీ దగ్గర పుస్తకంల సగం పాఠం ఉందే!"

అవ్వ మురిసిపోయింది. "మరి ఏమనుకున్నరు? ఊర్ల ఎవలకు జెరమొచ్చినా నా దగ్గరికే వస్తరు" అన్నది.

ముందుగాల సోయికొచ్చింది షాద్‌నగర్ పిల్లనే. చేతిల పట్టీ డబ్బాల పెట్టి నా దిక్కు చూసింది. పుస్తకంల ఆఖరి పాఠం, మందులకు లొంగని బ్యాక్టీరియా ఎట్ల తయారైతదన్న పాఠం, మాకు కంఠస్తం. తక్కువ మోతాదు, మధ్యల ఆపేసుడు, ఒకరి మందు ఇంకొకరు మింగుడు, డాక్టర్ను అడుగకుంట వాడుడు. ఆ పాఠంల ఉన్నయన్నీ మా అవ్వ మంచం కింద బిస్కెట్ల డబ్బాల ఉన్నయ్. నా నవ్వు ఆగిపోయింది.

తెల్లారి మొదటి బస్సుకే అవ్వను నల్లగొండకు తీసుకపోయినం. మేము చదివే కాలేజీ దవాఖానకే. డాక్టరమ్మ ఓపిగ్గ అన్నీ అడిగింది. నీళ్ళు తాగక పోవుడు కూడ ఒక కారణమని చెప్పింది. కిడ్నీలు ఎట్లున్నయో చూడాలని రక్తం తీపిచ్చింది. మూత్రం కల్చర్‌కు రాసింది. "మందు ఇప్పుడే మొదలువెట్టకండి. శాంపిల్ ఇచ్చినంకనే" అన్నది.

ఇగ చూడాలె మా తిప్పలు. నర్సమ్మ చిన్న డబ్బా చేతికిచ్చి చెప్పింది. ముందుగాల శుభ్రంగ కడుక్కోవాలె, మొదలు వచ్చింది ఇడిసిపెట్టాలె, నడిమి ధార డబ్బాల పట్టాలె, డబ్బా లోపల వేలు తగలొద్దు. అవ్వ నా దిక్కు తిరిగింది. "ఏమంటదే ఈమె?"

"మేకను పిండేటప్పుడు మొదటి రెండు ధారలు కింద ఇడుస్తవ్ చూడు. గట్లనే."

"ఓ, గంతేనా!" అన్నది. మోకాళ్ళు వంగవాయె, ఒక దిక్కు నేను, ఒక దిక్కు షాద్‌నగర్ పిల్ల పట్టుకున్నం. ముగ్గురం ఆ చిన్న బాత్రూంల. అవ్వ మాకు ఆర్డర్లు. "కండ్లు మూస్కోండ్రి! గోడ దిక్కు తిరుగుండ్రి! పడెయ్యకుండ్రి!" గోడ దిక్కు తిరిగితే పట్టుకునుడెట్ల, కండ్లు మూసుకుంటే డబ్బా అందించుడెట్ల? నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వుతుంటే నా చెయ్యి ఊగింది, నా చెయ్యి ఊగితే అవ్వ ఊగింది, అవ్వ తిట్టింది, ఆ తిట్టుకు షాద్‌నగర్ పిల్ల నవ్వింది. ఆఖరికి అవ్వ కూడ నవ్వింది. మొత్తానికి డబ్బా నిండింది, నడిమి ధార ఒక్క చుక్క కింద పోలేదు.

కౌంటర్ కాడ మొగ టెక్నీషియన్ ఉన్నడు. అవ్వ డబ్బాను కొంగుల దాసుకుంది. "మొగోని చేతికియ్య" అన్నది. ఎంత చెప్పినా వినలేదు. మూత్రం ఆలస్యమైతే అందుల పురుగులు వాటంతటవే పెరిగి రిపోర్టు తప్పొస్తదని చదివిన. నేను అవ్వ కొంగుల నుంచి డబ్బా గుంజుకొని మెట్ల మీద రెండో అంతస్తుకు, మైక్రోబయాలజీ ల్యాబ్ దాక ఒకటే ఉరుకుడు. జనం జరిగి తొవ్వ ఇచ్చిండ్రు, ఏదో ప్రాణం మీదికొచ్చిందనుకొని.

తలుపు తీసింది ఎవలనుకున్నరు? నన్ను బయటికి పంపిన మేడమే.

"సెలవుల్ల ఏం చేస్తున్నవ్ నువ్వు ఈడ?"

"మా అవ్వ మూత్రం మేడం" అన్న, ఆయాసపడుకుంట.

ఆమె డబ్బా తీసుకొని, చీటీ చూసి, నా మొఖం చూసింది. "రేపు పొద్దున రా. నీ కండ్లతోనే ప్లేటు చదువు" అన్నది.

తెల్లారి పోయి చూస్తే ప్లేటు మీద గులాబి రంగు చుక్కలు, దట్టంగ. ఈ.కోలై బ్యాక్టీరియా అని చూడగనే తెలిసింది. పుస్తకంల బొమ్మను వంద సార్లు చూసిన, కని ఇవి మా అవ్వయి. మా ఇంటి మనుషులనే చూసినట్టు అనిపించింది. అక్కడి నుంచి కొంచెం తీసి ఇంకో రెండు ప్లేట్ల మీద పరిచి, ఒక్కోదాని మీద ఆరు మందుబిళ్ళలు పెట్టించింది మేడం. కాగితపు బిళ్ళలు, ఒక్కొక్కటి చొక్కా గుండీ కన్న చిన్నది. ఏ మందుకు పురుగు సస్తదో ఆ బిళ్ళ చుట్టూ ఏమీ మొలువదు, గుండ్రంగ జాగా ఖాళీగ ఉంటది. సావకపోతే బిళ్ళ అంచు దాక మొలుస్తది.

మూడో రోజు ఆ ప్లేట్లు చూపిస్తమని మేడం చెప్తే, అవ్వ నేనూ వస్తనన్నది. "నా పురుగులు నేను చూడొద్దా?" అని. ఆ రెండు రోజులు ఆమె నల్లగొండల మా బంధువులింట్ల ఉండె. లోపలికి వద్దేమో అనుకున్న, కని మేడం ఒప్పుకుంది. మూత టేపుతో అంటించిన ప్లేటును అద్దం బల్ల మీద పెట్టి, ముట్టుకోవద్దని చెప్పింది.

అవ్వ వంగి చూసింది. ఆరు బిళ్ళలు. నాలుగింటి చుట్టూ తెల్లగ పొర, బిళ్ళ మీదికే ఎక్కినట్టు. రెండింటి చుట్టూ మాత్రం గుండ్రటి ఖాళీ.

"గడ్డి మొలిచింది గదా" అన్నది అవ్వ.

"గడ్డి లెక్కనే ఉంటది అమ్మా" అన్నది మేడం.

"గీ రెండు గుంజలకే మేకలు కట్టేసిండ్రు. తాడు అందినంత మేర సాఫుగ మేసినయ్. కడమ నాలుగు గుంజలకు ఏమీ కట్టలే." అవ్వ వేలు చూపెట్టింది. "లేకుంటే కట్టిన మేకలు మేత ముట్టలే."

మేడం కుర్చీల కూలబడ్డది. కండ్లద్దాలు తీసి కండ్లు తుడుసుకుంది. మా మేడం నవ్వుడు నేను గప్పుడే మొదటిసారి చూసుడు. "ముట్టలేదమ్మా. నువ్వు రెండు రెండు మింగి మింగి ఆ నాలుగు మందులను పురుగులకు అలవాటు చేసినవ్. ఇప్పుడు అవి ఉన్నా లేనట్టే."

అవ్వ ఆ ప్లేటునే చూసుకుంట "నేనే చేసిన్నా?" అని మెల్లగ అడిగింది.

"నువ్వొక్కదానివే కాదు. అందరం కలిసి చేసినం" అన్నది మేడం. ఆ మాట ఎందుకన్నదో, అట్ల అనకపోతే అవ్వ ఆ రోజు ఏమయ్యేదో నాకు తెలుసు. అప్పటి సంది ఆ మేడం అంటే నాకు భయం పోయింది.

రెండో ప్లేటుల అన్నింటి చుట్టూ ఖాళీలున్నయ్. సంబరపడి "మేడం, ఇవన్నీ పనిచేస్తయ్!" అన్న. ఆమె తల అడ్డంగ ఊపింది. అవి సూదిమందులు, పానం మీదికొచ్చినప్పటికి దాసిపెట్టుకునేటియి, మామూలు మూత్రం మంటకు వాటి జోలికి పోతే రేపు అవి కూడ పోతయ్ అని చెప్పింది. మొదటి ప్లేటుల ఖాళీ చూపిన రెండింట్ల ఒకటి నైట్రోఫ్యూరాంటోయిన్. రక్తం రిపోర్టుల కిడ్నీలు మంచిగనే ఉన్నయని డాక్టరమ్మ చూసి గదే రాసింది. వారం దినాలు, రోజుకు రెండు గొట్టాలు, బువ్వ తిన్నంక. మూత్రం పసుపుపచ్చగ ముదురుగ వస్తది, భయపడొద్దని కూడ చెప్పింది.

అవ్వను ఊరికి పంపి మేము హాస్టల్ల పడ్డం. మోటరు బాగైంది, పరీక్షలు ముంచుకొచ్చినయ్. మూడో రోజు బాపు ఫోన్. "మీ అవ్వ గొట్టాలు మింగుతలేదు బిడ్డా. మంట పోయిందట. మిగిలినయి పక్కింటామెకిస్తదట, ఆమెకు కూడ మంటేనట."

నేను తల పట్టుకున్న. షాద్‌నగర్ పిల్ల మాత్రం మంచం మీద నుంచి దునికింది. "టీబీ రోగులకు ఎట్ల చేస్తరు? కండ్ల ముంగట మింగిస్తరు. మనం కూడ గంతే. వీడియో కాల్ పెట్టు."

పొద్దుగాల బాపు మేతకు పోకముందు ఒకసారి, సాయంత్రం మేత నుంచి వచ్చినంక ఒకసారి ఫోన్ చేసేటోళ్ళం. తెర మీద అవ్వ మొఖం సగం, ఇంటి కప్పు సగం.

"అవ్వా, గొట్టం నోట్ల ఏస్కో."

"మంచిగైంది గదనే. ఇంకెందుకు?"

"మంట పోయిందంటే అన్నీ సచ్చినయని కాదు. బలం లేనియి ముందుగాల సస్తయ్. మొండియి మిగుల్తయ్. ఇప్పుడు ఆపితే ఆ మొండియే పిల్లల్ని పెడ్తయ్."

"నీ అసొంటి మొండియా?"

"నీ అసొంటియి!"

అవ్వ నవ్వింది, గొట్టం ఏస్కుంది, నీళ్ళు తాగింది. "నాలుక చూపియ్!" అన్నది షాద్‌నగర్ పిల్ల. అవ్వ నాలుక చాపింది. ఎడమకు, కుడికి, పైకి. మా గది ముంగట పోయే పోరిలు ఆగి చూసిండ్రు. రెండో రోజుకు ఆరుగురైండ్రు. నాలుగో రోజుకు మా అంతస్తు మొత్తం. ఒకరు "అవ్వా, నాలుక!" అని అరిస్తే అందరు చప్పట్లు. అవ్వకు ఇది మంచి ఆటైంది. టైముకు మేము ఫోన్ చెయ్యకపోతే బాపుతోని తనే చేయించేది. "ఏడున్నరు మీరంత? నేను మింగాలె" అని.

ఒకరోజు తెరల అవ్వ పక్కన పక్కింటామె కూడ కనవడ్డది. ఆమె కూడ నాలుక చాపింది, ఎందుకో. "నీకు గొట్టమియ్యం పెద్దమ్మా. నువ్వు కూడ శాంపిల్ ఇయ్యాలె" అన్నం. ఆ వారమే బాపు ఆమెను బస్సెక్కిచ్చిండు. డబ్బా ఎట్ల పట్టాలెనో అవ్వ దారి పొంట ఆమెకు నేర్పిందట, బస్సుల అందరికి వినవడేటట్టు.

ఆఖరి గొట్టం మింగిన రోజు బాపు బిస్కెట్ల డబ్బాను సంచిల ఏసుకొని నల్లగొండకు తెచ్చి దవాఖానల అప్పజెప్పిండు. అవ్వే ఇచ్చింది. ఒక్క జండూబాం సీసా మాత్రం తీసుకుందట.

ప్రాక్టికల్ పరీక్ష పొద్దుగాలనే. నాకు వచ్చిన పని క్యాటలేజ్ పరీక్ష. గాజు పలక మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి, పుల్లతోని కొంచెం బ్యాక్టీరియా అంటించాలె. బుడగలొస్తే స్టెఫైలోకాకస్. నేను అంటించిన. బుసబుస పొంగింది. "పొంగింది!" అని కేకేసిన. నాకు తెల్వకుంటనే, ఇంట్ల పాలు పొంగినట్టు. హాలంత తిరిగి చూసింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ నా ముంగట నిలబడ్డడు.

నవ్వు మొదలైంది. కడుపుల నుంచి గొంతు దాక వచ్చింది. మా మేడం దూరం నుంచి చూస్తున్నది. అప్పుడే ఆయన అడిగిండు. "ఆంథ్రాక్స్ చెప్పండి. గొర్రె చనిపోతే పోస్ట్‌మార్టం ఎందుకు చేయకూడదు?"

నవ్వు ఎటు పోయిందో పోయింది. నాకు తొమ్మిదేండ్లప్పుడు మంచిగున్న గొర్రె ఒకటి ఉన్నట్టుండి పడిపోయింది. కడుపు ఉబ్బింది, ముక్కుల నుంచి నల్లటి నెత్తురు. కోసుకుందామని ఇద్దరు చుట్టాలొచ్చిండ్రు. బాపు గొడ్డలి పట్టుకొని అడ్డం నిలబడ్డడు. దొమ్మ రోగం, ఎవరూ ముట్టొద్దని అరిచిండు. లోతుగ గుంత తీసి, సున్నం పోసి పూడ్చి, మీద ముళ్ళకంప వేసిండు. నేను ఆ గొర్రె కోసం ఏడ్చిన. ఇంగ్లీషుల మొదలుపెట్టిన జవాబు నాకు తెల్వకుంట మా భాషలకు మళ్ళింది. "మేము దొమ్మ అంటం సార్, మా బాపు దాన్ని కోయనియ్యలే. కోస్తే గాలి తగుల్తది. గాలి తగిలితే ఆ పురుగు చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటది, స్పోర్ అయితది. మట్టిల పడి ఏండ్లకేండ్లు బతుకుతది. ఆ గడ్డి మేసిన గొర్లు మళ్ళ సస్తయ్. తోలు తీసినోళ్ళకు చేతుల మీద నల్లటి పుండైతది, నొప్పి కూడ ఉండదు."

సార్ కాగితం మీది నుంచి తలెత్తిండు. "దొమ్మ అంటారా మీ వైపు? మీ నాన్నగారు ఏం చదువుకున్నారు?"

"సంతకం పెడ్తడు సార్."

ఆయన ఏదో రాసుకున్నడు. ఏం రాసుకున్నడో అడిగే ధైర్యం లేకుండె.

ఫలితాలొచ్చిన రోజు షాద్‌నగర్ పిల్లకు డిస్టింక్షన్. నేను పాస్, మంచి మార్కులతోనే. ఇద్దరం చెప్పులు లేకుంట వరండా పొడుగునా ఉరికినం, వార్డెన్ మేడం తిట్టుడు మొదలుపెట్టి మధ్యల ఆపి మాకు లడ్డు పెట్టింది.

బాపుకు ఫోన్ చేసిన. ఆయన ఆ రోజు గొర్ల సంతల ఉన్నడు. గొర్ల అరుపులు, మనుషుల అరుపులు, ఏమీ వినవడ్తలేదు.

"బాపూ, పాసైన! మైక్రోబయాలజీ పాసైన!"

"ఏంది?"

"పురుగుల పరీక్ష! పాసైన!"

అంతే, బాపు ఫోన్ చెవికి పెట్టుకునే సంతంత వినవడేటట్టు ఎలుగెత్తిండు. "నా బిడ్డ పురుగుల పరీక్షల పాసైందిరో!"

అవతల గోల లేసింది. ఎవలో ఫోన్ గుంజుకున్నరు. ముసలి గొంతు. "బిడ్డా, నువ్వు పురుగుల డాక్టర్‌వైనవట గద. నా మందకు కడుపుల నట్టలు పడ్డయ్. ఏం తాపాలె?"

"తాతా, నేను మనుషుల డాక్టర్ చదువుతున్న..."

"మనుషులకు తాపేదే చెప్పు, కొంచెం ఎక్కువ తాపుత."

"వద్దు తాతా వద్దు! పశువుల దవాఖానకు పో, బరువు చూసి వాళ్ళు చెప్పినంతనే తాపు!"

ఫోన్ ఇంకో చేతికి పోయింది, ఇంకో గొంతు, ఇంకో మంద, ఇంకో రోగం. షాద్‌నగర్ పిల్ల నా చెవి కాడ చెవి పెట్టి, నోట్ల లడ్డుతోనే నవ్వుతున్నది. నేను వరండాల గోడకు ఆనుకొని కూసొని, ఆ సంతల ఫోన్ పట్టుకున్న ప్రతి మనిషికి ఒక్కటే మాట చెప్పిన, డాక్టర్ను అడిగి తాపుండ్రి అని. ఐదో మనిషి దాక చెప్పిన. ఆరో మనిషి, మరి నువ్వెందుకున్నవ్, అని అడిగిండు.